తోక కత్తిరించని గుర్రం

మా ఆయన పేరు నేను జన్మలో ఒక్కసారే పైకి పలికాను.

గడ్డిమైదానాల్లో గుడారాలేసుకుని మందలతో తిరిగే మాలో కోడలు భర్త పేరే కాదు, ఆ ఇంట పుట్టిన ఎవరి పేరూ నోటితో అనకూడదు. ఏదో ఒక మారుపేరు పెట్టుకోవాలి. నా ఆడపడుచుకి నడుము దాటే జడలు ఎనిమిది ఉండేవి. కాపురానికి వచ్చిన వారంలోనే దాన్ని ‘జడకుచ్చు’ అన్నాను. తర్వాత అందరికీ అదే పిలుపయింది.

మా మందల మీద పడి దోచుకునే కల్మకుల మీదికి దండు కదులుతోందనీ, గుడారానికొక మగవాడు గుర్రంతో, ఈటెతో రావాలనీ రౌతు కబురు తెచ్చిన వసంతంలో, మా గుడారంలో ఉన్న ఒక్క మగవాడు ఛాతీకి నెమ్ము పట్టి లేవలేకుండా ఉన్నాడు. అత్తమామలు ఆ ముందటి శీతాకాలమే పోయారు. రౌతు గుర్రం దిగలేదు. గిన్నె అందుకుని పులిసిన ఆడగుర్రం పాలు జీను మీద నుంచే తాగాడు.

“నీ మొగుడేడీ?” అన్నాడు.

“మంద దగ్గరున్నాడు. రేపు మీ వెనకే బయల్దేరతాడు” అన్నాను.

జబ్బని చెప్పి ఉండొచ్చు. లోపలికి పిలిచి చూపించి ఉండొచ్చు. కానీ అప్పటికే ఆ రౌతు, ఈ వసంతం ఏ గుడారం తలుపెత్తినా ఒకడు మూలుగుతున్నాడని చెప్పి నవ్వాడు. ఆ నవ్వు మా ఆయన మీద పడకూడదనుకున్నాను. మొదటి అబద్ధం నాది. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

జడకుచ్చు తెర వెనక నుంచి అంతా విన్నది. రౌతు వెళ్ళాక బయటికి వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుంది.

“రేపు ఎవరు బయల్దేరతారు వదినా?”

నేను పొయ్యిలో పిడక ఎగదోశాను.

“అన్నయ్య లేవలేడు. నువ్వు గుర్రమెక్కితే సంచీలాగా ఊగుతావు. ఇంక మిగిలిందెవరు?”

అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ముఖం. అవే ఎత్తు చెంపలు, అవే సన్నటి కళ్ళు. దానికప్పుడు పంతొమ్మిదేళ్ళు. నేను వద్దనలేదు. గొర్రెల ఉన్ని కోసే కత్తెర తీసి, దాన్ని నా ముందు కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క జడా కోశాను. తల నున్నగా చేశాను. జడల్ని బట్టలో చుట్టి పెట్టె అడుగున పెట్టాను. గుండెల మీద గట్టిగా కట్టు కట్టాను. ఆ పైన మా ఆయన అంగీ.

“కాళ్ళు ఒక పక్కకి మడిచి కూర్చోకు. బాసింపట్టు వేసుకో. నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకు. పేరు పిలిస్తే వెంటనే పలుకు.”

“ఏదీ, ఒకసారి పిలువు. అలవాటు చేసుకుంటా.”

“నేనెలా పిలుస్తానే! మీ అన్న పేరు నేను అనొచ్చా?”

“అయితే దండులో ఎవడైనా పిలిచి, నేను పలక్కపోతే, మా వదిన నేర్పలేదని చెప్తాను” అని పకపకా నవ్వింది. చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అది వెళ్ళాక, మా ఆయన ఎవరి కంటా పడకుండా, గొర్రెలకి గడ్డి చాలడం లేదని వంక పెట్టి గుడారాన్ని పక్క లోయలోకి మార్చాను. జడకుచ్చు మేనమామ ఇంటికి వెళ్ళిందని అందరికీ చెప్పాను. నలభై రోజులకి మా ఆయన లేచి కూర్చున్నాడు. చెల్లెలేదని అడిగాడు. చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుని ఆ పూట ఏమీ తినలేదు.

నడి వేసవికి ఆయన బాగానే కోలుకున్నాడు. వెళ్ళి చెల్లెల్ని పంపించేస్తానని రెండుసార్లు గుర్రానికి జీను వేశాడు. మొదటిసారి, ఇంకా దగ్గుతున్నారు కదా అని జీను దించాను. రెండోసారి ఏమీ అనకుండానే దించాను. ఆయన కొరడా పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి వేయలేదు.

శరత్కాలం మొదట్లో జడకుచ్చు వచ్చింది. ఏటి ఒడ్డు రెల్లులో దిగి, ఈల వేసి నన్ను పిలిచింది. కుడికాలు ఈడుస్తోంది. మా ఆయన రెల్లులోకి వెళ్ళి, చెల్లెలి ఒంటి మీది అంగీ తొడుక్కుని, దాని గుర్రమెక్కి, పట్టపగలు అందరూ చూస్తుండగా గుడారాల మధ్యకి నడిపించుకొచ్చాడు. ఆడవాళ్ళు ఆయన మీద మిఠాయి, ఎండు పెరుగుండలు చల్లారు. చల్లిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడాయన ముఖం చూడలేక గుర్రం మెడ చూశాను.

ఆ సాయంత్రం దాని తొడ మీది గాయానికి కట్టు మారుస్తుంటే జడకుచ్చు చెప్పింది.

వాళ్ళ పదిమంది జట్టులో మా వైపు వాడు ఒక్కడే ఉన్నాడు. ఏటి అవతల గుడారాల వాడు, ఉల్మెకెన్ పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు బైగెల్ది. అంతకు ముందు ఏడాది ఒక పెళ్ళిలో, ఆడపిల్ల మగవాణ్ణి తరిమి కొరడాతో కొట్టే పందెంలో, జడకుచ్చు వాణ్ణి తరిమి తరిమి కొట్టింది.

“మొదటి రోజే కనిపెట్టేశాడు వదినా. గుర్రాన్ని నా పక్కకి తెచ్చి, ‘తమ్ముడూ, నువ్వు జీను మీద కూర్చున్న తీరు చూస్తుంటే నా వీపెందుకు మండుతోందిరా?’ అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. నేను స్నానానికి వెళ్తే గట్టు మీద అటు తిరిగి నిలబడి పాడేవాడు. ఆ గొంతుకి భయపడి ఎవడూ దగ్గరికొచ్చేవాడు కాదు.”

నవ్వబోయి ఆగింది.

అంతకు ముందొక పోరులో దీని తొడకి తగిలిన బాణం గాయం చీము పట్టింది. ఎముకలు కట్టే ముసలాయన మధ్యాహ్నం వచ్చి లాగు విప్పి చూస్తానన్నాడు. ఆ పొద్దున గుర్రాల మందకి దిబ్బ మీద కాపలా వీళ్ళిద్దరిదీ. బైగెల్ది నాలుగు వైపులా చూసి, ఎక్కడా దుమ్ము లేవడం లేదు రమ్మని, కిందనున్న రెల్లులోకి తీసుకెళ్ళాడు. కత్తి కాల్చి గాయం కోసి చీము తీశాడు. తన చొక్కా చించి కట్టు కట్టాడు. ఆ కాసేపట్లోనే కల్మకులు వాగులోంచి పైకొచ్చి మందని తోలుకుపోయారు. అడ్డం వెళ్ళిన ఇద్దరు చచ్చిపోయారు. అరుపులు విని బైగెల్ది దీన్ని ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాడు. అలా ఎత్తుతుండగా వెనక నుంచి బాణం, రెండు భుజాల మధ్య.

“సర్దారు వచ్చి శవాన్ని చూశాడు. వీపులో బాణం. కాపలా వదిలి రెల్లులోకి పారిపోయాడన్నాడు. నా వైపు తిరిగి, నువ్వు చూశావా అని అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“చూడలేదన్నాను.”

దీపం వెలుగులో దాని ముఖం మా ఆయన ముఖంలాగానే ఉంది.

“నా తొడ కట్టులోంచి రక్తం కారుతోంది వదినా. పాత గాయం సంగతి సర్దారుకి తెలీదు. ఆ దెబ్బ అప్పుడే తగిలిందనుకున్నారు. నేను మందకి అడ్డం వెళ్ళాననుకున్నారు. భుజం తట్టారు. నేను తట్టించుకున్నాను.” కట్టు వైపు చూసుకుని, “పొద్దున్నే ఏరు దాటి ఉల్మెకెన్ పెద్దమ్మకి చెప్పేస్తాను” అంది.

“ఎవరికీ చెప్పకు” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేనింకా కట్టు ముడి వేయడం కూడా పూర్తి చేయలేదు. అంత తొందరగా అన్నాను.

మాలో మగవాడు చచ్చిపోతే వాడి గుర్రానికి తోకా జూలూ కత్తిరిస్తారు. ఏడాది పాటు దాన్ని ఎవరూ ఎక్కరు. గుమ్మం దగ్గర వాడి ఈటె నిలబెట్టి, కుర్రవాడైతే ఎర్రగుడ్డ కడతారు. తల్లి పొద్దు పొడిచేప్పుడూ వాలేప్పుడూ ఆ ఈటె వైపు కూర్చుని వాణ్ణి తలుచుకుంటూ శోకం పాడుతుంది. ఏడాదికి పెద్ద తద్దినం పెట్టి, ఆ గుర్రాన్ని కోసి, ఈటె విరుస్తారు. పారిపోయి చచ్చినవాడికి ఇవేవీ లేవు. జడకుచ్చు వచ్చిన ఆరోరోజు దండు నుంచి ఒకడు బైగెల్ది ఎర్రగుర్రాన్ని తీసుకొచ్చి ఉల్మెకెన్ పెద్దమ్మ గుడారం ముందు కట్టి వెళ్ళిపోయాడు. తోక నిండుగా నేలని తాకుతోంది. అది చూస్తే చాలు, వాడు ఇంక నోరు విప్పి చెప్పక్కర్లేదు.

ఆవిడ అరవలేదట. గుర్రానికి నీళ్ళు పెట్టిందట.

శీతాకాలమంతా జడకుచ్చు నన్ను అడుగుతూనే ఉంది. మేనమామ ఇంట్లో జ్వరం తగిలి జుట్టు కోసేశారని అందరికీ చెప్పాను. తలకి గుడ్డ కట్టుకుని తిరిగేది. పిడకలు పేరుస్తూ అడిగేది. పాలు పితుకుతూ అడిగేది.

“చెప్తే మీ అన్న ఏమవుతాడో తెలుసా? గుడారానికొక మగవాడంటే ఆడదాన్ని పంపాడంటారు. ఆయన తలకి ఆడవాళ్ళ ముసుగు కట్టి ఊరేగిస్తారు. నీకు ఆయన కావాలా, చచ్చినవాడు కావాలా?”

“చచ్చినవాడు నన్ను అలా అడగలేదు వదినా.”

అలా అంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. వసంతం వచ్చాక అది అడగడం మానేసింది. అది నాకు నిశ్చింతగా ఉండాల్సింది. లేదు. పాలు పితికేటప్పుడు అది నోరు తెరిస్తే చాలు, నా చేతులు ఆగిపోయేవి.

ఏడాది తిరగడానికి ఇంకా రెండు నెలలు ఉండగా, వేసవిలో, మా గుడారం పైకప్పుకి కొత్త ఉన్నిపట్ట చేసుకున్నాం. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా సాయం వచ్చారు. పొద్దున్నుంచి కర్రలతో ఉన్ని చితక్కొట్టి, రెల్లు చాప మీద దట్టంగా పరిచి, వేడినీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి, తాళ్ళు కట్టి లాగుతున్నాం. నాలుగోవంతు పని మిగిలి ఉండగా ఉల్మెకెన్ పెద్దమ్మ వచ్చింది. ఎర్రగుర్రం ఎక్కి వచ్చింది. ఆవిడకి ఉన్నది అదొక్కటే.

కున్‌షే అనే ఆవిడ నోరు ఊరుకోదు. “ఉల్మెకెన్ అక్కా, నీ గుర్రం తోక నేలంతా ఊడుస్తోంది. నీకిక చీపురుతో పనిలేదు” అంది.

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“నా గుమ్మం నా గుర్రం ఊడుస్తోంది. నీ గుమ్మం నీ అత్త ఊడుస్తోందటగా, డెబ్భై ఏళ్ళ మనిషి. నువ్వు కూడా ఒక గుర్రాన్ని చూసుకోవే” అంది పెద్దమ్మ దిగుతూ. ఈసారి అందరూ నవ్వారు. కానీ ఆవిడ తాడు పట్టుకున్న చోట, అటూ ఇటూ ఉన్న వాళ్ళు కొంచెం జరిగారు. నేను కూడా తాడు పట్టుకునే ఉన్నాను. నేను జరగలేదు. అదొక్కటే నేను చేసిన మంచిపని, అది కూడా ఎవరికీ కనిపించనిది.

మధ్యాహ్నం గుడారం నీడన మగవాళ్ళకి మాంసం పెట్టాం. కోష్కర్ తాత, మా పెద్ద, మా ఆయన్ని పెద్దలు కూర్చునే చోట, తన పక్కన కూర్చోబెట్టుకుని, గౌరవమున్న వాళ్ళకిచ్చే తుంటి ఎముక అందించాడు. “దండుకి వెళ్ళొచ్చిన వాడు, తినరా” అన్నాడు. మా ఆయన ఆ ఎముకని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆ పది నెలలూ ఏ విందులోనూ ఆయన కడుపునిండా తిన్నది నేను చూడలేదు.

ఉల్మెకెన్ పెద్దమ్మ తాడు వదిలి, తడిచేతులు అంగీకి తుడుచుకుంటూ మగవాళ్ళ ముందుకి వెళ్ళింది. ఆడవాళ్ళమంతా పని ఆపేశాం.

“నాయనా, నువ్వు నా కొడుకు జట్టులో ఉన్నావు. శీతాకాలం నుంచి అడుగుదామనుకుంటున్నాను, నోరు రాలేదు. ఇంకా రెండు నెలలైతే ఏడాది అయిపోతుంది. ఆ తర్వాత అడిగి లాభం లేదు. నా కొడుకు పారిపోయాడా?”

మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆవిడ వైపు కాదు.

“నేను చూడలేదు పెద్దమ్మా.”

అది నిజమే. ఆయన చూడలేదు. 

“పారిపోలేదు!”

జడకుచ్చు. వేడినీళ్ళ బిందె పక్కన పెట్టి నిలబడింది. “వాడు పారిపోలేదు పెద్దమ్మా. నాకు తెలుసు.”

“నీకెలా తెలుసే?” అంది కున్‌షే. “నువ్వు మేనమామ ఇంట్లో జ్వరంతో పడున్నావుగా?”

“నేను మేనమామ ఇంటికి వెళ్ళలేదు.” తల మీది గుడ్డ తీసేసింది. జుట్టు భుజాల దాకా పెరిగింది, అంతకన్నా లేదు.

అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. ఎముక చేతిలోనే ఉంది.

“జ్వరం తలకెక్కింది దీనికి” అన్నాడు. గొంతు బాగా నెమ్మదిగా ఉంది. “అప్పుడప్పుడూ ఇలాగే ఏదో ఒకటి అంటుంది. మేం బయటికి చెప్పుకోలేదు. తాతా, మన్నించాలి.”

“అయ్యో పాపం, పెళ్ళి కావాల్సిన పిల్ల” అంది ఎవరో. కున్‌షే చప్పరించింది. ఒక ముసలావిడ వెళ్ళి దాని తల మీద మళ్ళీ గుడ్డ కప్పబోయింది.

జడకుచ్చు నా వైపు చూసింది. అడగలేదు. శీతాకాలమంతా అడిగింది కదా, ఇక అడగలేదు. ఊరికే చూసింది. ఆ చూపుకి నేను మంచిదాన్నైపోయి మాట్లాడానని ఎవరూ అనుకోకండి. పిల్లకి పిచ్చి అన్న పేరు వస్తే ఇక పోదు, దానికి నేనే కారణమవుతాను, ఇంకొకటి మోయలేను అనిపించింది. అంతే.

“ఓల్జబాయ్ యుద్ధానికి వెళ్ళలేదు” అన్నాను.

తాడు ఎవరి చేతిలోంచో జారి ఉన్నిచుట్ట దొర్లింది.

“అమ్మో, మొగుడి పేరు పలికింది!” అంది కున్‌షే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నిజంగా, అందరూ ముందు అదిరిపడింది దానికే. నేను చెప్పిన మాట వాళ్ళ చెవుల్లోకి వెళ్ళడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి మూట తెచ్చి కోష్కర్ తాత ముందు విప్పాను. ఎనిమిది జడలు. “ఇవి నేను కోశాను. దీన్ని నేను పంపాను. వచ్చాక దీని నోరు నేను మూశాను. ఈయన కోలుకున్నాక వెళ్తానంటే నేనే జీను దించాను” అన్నాను.

తాత చాలాసేపు ఆ జడల వైపు చూశాడు. తర్వాత జడకుచ్చుని ఎదురుగా కూర్చోబెట్టుకుని సర్దారు ఎక్కిన గుర్రం ఏ రంగు, దిబ్బకి వాగు ఏ వైపు, పోయిన ఇద్దరి పేర్లేమిటి అని ఒక్కొక్కటీ అడిగాడు. అది బాసింపట్టు వేసుకుని కూర్చుని అన్నిటికీ జవాబు చెప్పింది. రెల్లులో జరిగింది చెప్పేటప్పుడు తొడ మీద చెయ్యి పెట్టుకుంది.

“కాపలా వదిలాడు” అన్నాడు తాత చివరికి. “దానివల్ల ఇద్దరు పోయారు. ఆ ఇద్దరికీ తల్లులున్నారు. అది కాదనలేం. కానీ పారిపోలేదు. రెండూ ఒకటి కాదు.” ఉల్మెకెన్ పెద్దమ్మ వైపు తిరిగాడు. “గుర్రం తోక కత్తిరించుకో అమ్మా.”

మా ఆయన అప్పటికే పెద్దల మధ్య ఉన్న చోటు వదిలేశాడు. ఎవరూ పొమ్మనలేదు, ముసుగు కట్టలేదు. ఆయనే వెళ్ళి చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. ఇన్నేళ్ళయినా ఎవరింటికి వెళ్ళినా అక్కడే కూర్చుంటాడు. నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకు అనిపించని రోజు లేదు.

పెద్దమ్మ నా ముందుకి వచ్చి నిలబడింది.

“నీకెప్పటి నుంచి తెలుసే కోడలా?”

“వాడి గుర్రం మీ ఇంటికి రాకముందు నుంచి.”

ఆవిడ వేళ్ళు మడిచింది, నెలలు లెక్కపెడుతున్నట్టు.

“అయితే నా కొడుక్కి ఏడవడానికి నాకు రెండు నెలలే మిగిల్చావు” అంది. “పో, కత్తెర తీసుకురా.”

మా ఇంట్లో కత్తెర ఒకటే. తెచ్చి ఇచ్చాను. గుర్రం కళ్ళెం నేను పట్టుకున్నాను. ఆవిడ జూలు కోసింది, తర్వాత వెనక్కి వెళ్ళి తోక కోసింది. కత్తెర మొద్దుబారింది, ఒక్కపెట్టున తెగలేదు. ఎర్రటి వెంట్రుకలు మా కొత్త ఉన్నిపట్ట మీదికి ఎగిరి తడికి అంటుకున్నాయి. ఎవరూ దులపలేదు.

అప్పుడు ఆవిడ ఏటి వైపు తిరిగి కూర్చుని శోకం మొదలుపెట్టింది. మొదట గొంతు లేవలేదు. పేరు దగ్గరే ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగింది. మూడోసారికి వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి, మా పద్ధతి ప్రకారం, ఆవిడ భుజాలు పట్టుకుని కౌగిలించుకుని గొంతు కలిపారు. ముందు వెళ్ళింది కున్‌షే. అందరికన్నా గట్టిగా ఏడ్చింది కూడా ఆవిడే. జడకుచ్చు వెళ్ళినప్పుడు పెద్దమ్మ దాని వీపు మీద పిడికిలితో ఒకటి కొట్టింది, ఇంకొకటి కొట్టింది, ఆ పైన దాని తలని గుండెకి అదుముకుంది.

ఇక మిగిలింది నేనే. కళ్ళెం ఇంకొకరికి ఇచ్చి రెండడుగులు వేశాను.

పెద్దమ్మ పాడడం ఆపింది. చేతులు ఒళ్ళోంచి తీయలేదు.

“నువ్వు గుర్రాన్ని పట్టుకో” అంది. “బెదురుతోంది.”

వెనక్కి వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాను. గుర్రం బెదరడం లేదు. తల దించుకుని కదలకుండా నిలబడి ఉంది. పొద్దు వాలేదాకా పట్టుకునే ఉన్నాను.